చుట్టు మెట్ల మీద కత్తియుద్ధం

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం మెట్ల మీదే ఉన్నాయి. ముప్పై ఏళ్లు పిల్లలకు బిల్డింగ్ డ్రాయింగ్ నేర్పి రిటైరైనవాణ్ణి, నాకు ఇంతకంటే ఏం కావాలి? మొదటి ఉత్తరానికి చోటు ఎక్కువ పట్టింది. మిగతావాళ్లు ఏమీ అనుకోకండి.

ప్రశ్న: సార్, ఫోన్‌లో ఒక వీడియో చూశాను. యూరప్‌లో పాతకాలపు కోటల్లో చుట్టు మెట్లన్నీ ఎక్కుతుంటే కుడివైపుకే తిరుగుతాయట. కింది నుంచి వచ్చే శత్రువు కుడిచేత్తో కత్తి తిప్పబోతే నడిమి కంబం అడ్డమొస్తుందట. పైనుంచి దిగే కోటవాడికి మాత్రం చెయ్యి ఊపడానికి కావలసినంత జాగా ఉంటుందట. అందుకే అలా కట్టారని చెప్పాడు. మా రూమ్మేట్ అదంతా ఉత్తదే అంటున్నాడు. బిర్యానీ పందెం వేసుకున్నాం. ఎవరు ఇప్పించాలి? (ఒక డిగ్రీ విద్యార్థి, హన్మకొండ)

జవాబు: నువ్వే ఇప్పించాలి నాయనా. కానీ హాఫ్ ప్లేట్ చాలు. వీడియో చెప్పినదాంట్లో సగం నిజమే.

ముందు ఆ సగం చూద్దాం. కుడికి తిరిగే మెట్లు ఎక్కడమంటే గుళ్లో ప్రదక్షిణ చేసినట్టే. గర్భగుడి ఎలా కుడిచేతి వైపు ఉంటుందో, నడిమి కంబం అలా నీ కుడి భుజానికి రాసుకుంటూ ఉంటుంది. బయటి గోడ ఎడమవైపు. దిగేవాడికి తారుమారు: కంబం ఎడమవైపు, గోడ కుడివైపు. మెట్టు కంబం దగ్గర సన్నగా, గోడ దగ్గర వెడల్పుగా ఉంటుంది కాబట్టి దిగేవాడి కుడిచేతి వైపే జాగా ఎక్కువ. ఇంగ్లండ్ కోటల్లో ఎక్కువ మెట్లు ఇలాగే తిరుగుతాయన్న మాట కూడా కరెక్టే.

తకరారంతా "అందుకే అలా కట్టారు" అన్న చోట ఉంది. ఆ కోటలు కట్టిన కాలంలో ఎవరూ ఈ కారణం రాసిపెట్టలేదు. ముట్టడుల గురించి పేజీలకు పేజీలు రాసిన మఠాల సన్యాసుల రాతల్లో కూడా ఈ ముక్క లేదు. అచ్చులో ఇది మొదట కనిపించేది 1902లో. అంటే ఆ కోటల్లో చాలావాటిని కట్టిన ఏడెనిమిది వందల ఏళ్ల తర్వాత! రాసినాయన పేరు థియోడర్ ఆండ్రియా కుక్, కళల గురించి, ఆటల గురించి రాసే ఇంగ్లిష్ పెద్దమనిషి. ఆయనకు కత్తిసాము అంటే ప్రాణం. 1906లో ఏథెన్స్‌లో జరిగిన పోటీలకు బ్రిటిష్ కత్తిసాము జట్టుతో వెళ్లినవాడు. కత్తి పట్టే చెయ్యి గనుక మెట్లు చూడగానే ఆయనకు కత్తే గుర్తొచ్చి ఉంటుందని నా అనుమానం. ఆ మాటకొస్తే నేను ఎవరింటికి వెళ్లినా మెట్టు ఎత్తు ఎంతుందా అని జేబులో టేపు తడుముకుంటాను. ఎవరి పిచ్చి వాళ్లది.

ఇక ఎడమకు తిరిగే మెట్ల సంగతి. అవి ఒకటో రెండో అయితే మేస్త్రీ పొరపాటు అనుకోవచ్చు. ఇంగ్లండ్, వేల్స్ కోటల్లో వెతికినవాళ్లకు అలాంటివి పదుల సంఖ్యలో దొరికాయి. వేల్స్‌ను గెలిచాక మొదటి ఎడ్వర్డ్ రాజు 1283లో కార్నార్‌వన్ కోట మొదలుపెట్టాడు. ఓడిన జనం ఎప్పుడు తిరగబడతారోనన్న భయంతో కట్టిన కోట అది. అక్కడ కూడా ఎడమకు తిరిగే మెట్లున్నాయి. ఇంకోవైపు, చర్చి గంటస్తంభాల్లో మెట్లు కూడా ఎక్కువగా కుడికే తిరుగుతాయి. గంట కొట్టడానికి ఎక్కేవాడి మీదికి పైనుంచి కత్తితో ఎవరొస్తారు? మన చార్మినార్‌నే చూడు. 1591లో కట్టారు, పైకి 149 చుట్టు మెట్లు. వాటి మీద కత్తియుద్ధం జరుగుతుందని ఎవరూ అనుకుని ఉండరు. మినార్ లోపల ఉన్న కాస్త జాగాలో మెట్లు పట్టాలంటే చుట్టుకుంటూ పోవాల్సిందే.

ఇక్కడిదాకా చదువుకున్న విషయం. చేసి చూసింది కూడా ఒకటుంది. మొన్న ఎండాకాలం సెలవుల్లో మా మనవడు వచ్చాడు, తొమ్మిదో తరగతి. మా ఇంటి వెనక డాబా మీదికి ఇనుప చుట్టు మెట్లున్నాయి. అయిదడుగుల వ్యాసం, నడుమ నాలుగంగుళాల పైపు, చెకర్డ్ ప్లేటుతో చేసిన మెట్లు, కుడికే తిరుగుతాయి. కోటలో బయట రాతిగోడ ఉంటుంది, మాకున్నది రెయిలింగు. అందుకని దాని చుట్టూ వడ్లు ఆరబోసే టార్పాలిన్ చుట్టి సుతిలి తాడుతో కట్టాం. ఇద్దరికీ చెరో రెండున్నర అడుగుల వెదురు కర్ర. నేను పైన, కోటవాణ్ణి. వాడు కింద, ఢిల్లీ సైన్యం.

కర్ర ఎత్తి కొట్టబోతే నా తల మీదున్న పై మెట్టుకు టంగుమని తగిలింది. పక్క నుంచి ఊపబోతే టార్పాలిన్‌లో ఇరుక్కుంది. జాగా ఉంది ఉంది అనుకున్న కుడివైపు ఉన్నది రెండడుగుల చిల్లర! ఊపి కొట్టడం ఇద్దరికీ కుదరలేదు, పొడవడమే కుదిరింది. పొడవడానికి వాడికి కంబం పెద్ద అడ్డమేమీ కాలేదు. మా మధ్య నాలుగు మెట్లు, అంటే రెండున్నర అడుగుల ఎత్తు. నా మోకాళ్లు సరిగ్గా వాడి ఛాతీకి ఎదురుగా ఉన్నాయి. వాడి తలను అందుకోవాలంటే నేను వంగాలి, ఆ ఇరుకులో వంగితే ముందుకు తూలి వాడి మీదే పడతాను. మూడు నిమిషాల్లో నా పిక్కల మీద రెండు దెబ్బలు పడ్డాయి. చోట్లు మార్చుకున్నాం, ఈసారి వాడి పిక్కలకూ అదే గతి. చప్పుడుకు మా ఆవిడ బయటికొచ్చి "ఈ వయసులో కాలు విరిగితే ఎవరు చేస్తరు?" అనేసరికి ముట్టడి ఎత్తేశాం.

ఒక ముసలాయన, ఒక పిల్లవాడు కర్రలతో ఆడితే అది రుజువు కాదులే. కానీ నాకు ఒకటి తెలిసొచ్చింది. ఆ మెట్ల మీద కోటవాడికి లాభం చేసేది ఇరుకు. వందమంది వచ్చినా ఒకడి వెనక ఒకడే రావాలి, మలుపు అవతల ఏముందో కనబడదు. పైన తలుపు వేసి అడ్డగడియ పెడితే, దాన్ని పగలగొట్టడానికి దూలం ఊపే చోటు మెట్ల మీద ఉండదు. మెట్లు కుడికి తిరిగినా ఎడమకు తిరిగినా ఈ లాభం ఎక్కడికీ పోదు.

అసలు శత్రువు ఆ మెట్లదాకా రావడమే అరుదు. వచ్చాడంటే కోట పని అప్పటికే అయిపోయినట్టు. ఇంగ్లండ్‌లో రోచెస్టర్ కోట ఉంది. 1127లో కట్టడం మొదలైన దాని పెద్ద బురుజు ఎత్తు నూటపది అడుగుల పైమాట, గోడల మందం పదకొండు నుంచి పదమూడు అడుగులు. లోపలికి వెళ్లే ద్వారం నేల మీద లేదు, మొదటి అంతస్తులో ఉంది. దానికి బయటి నుంచి మెట్లు, ఆ మెట్ల మధ్యలో ఎత్తేసే వంతెన. మెట్లతో చేసే రక్షణ అంటే అదీ! 1215లో జాన్ రాజు దాన్ని ముట్టడించాడు. మెట్ల జోలికే పోలేదు. ఒక మూల పునాది కింద సొరంగం తవ్వించి, పైన మట్టి కూలకుండా కర్ర దూలాలు నిలబెట్టించాడు. నవంబరు 25న ఒక ఉత్తర్వు పంపాడు: తినడానికి పనికిరాని బాగా కొవ్విన పందులు నలభై పంపండి, బురుజు కింద మంట పెట్టాలి అని. ఆ కొవ్వుతో దూలాలు కాలిపోయి మూల మొత్తం కూలింది. లోపలివాళ్లు బురుజు మధ్యనున్న అడ్డగోడ వెనక్కి తగ్గి అప్పటికీ లొంగలేదు. చివరికి లొంగదీసింది ఆకలి. తర్వాత ఆ మూలను కట్టినవాళ్లు గుండ్రంగా కట్టారు. ఇప్పటికీ మూడు మూలలు పలకలుగా, ఒకటి గుండ్రంగా కనిపిస్తాయి. ఆ కోట ఫొటో దొరికితే చూడు, నలభై పందుల గుర్తు అది.

మరి ఎక్కువ మెట్లు కుడికే ఎందుకు తిరుగుతాయి అంటావు. దీనికి నా దగ్గరున్నది మా నాయిన చెప్పిన మాట. ఆయన బావుల మేస్త్రీ. పరకాల చుట్టుపక్కల ఊళ్లలో రాతి ఒర కట్టేవాడు. ఆ బావుల్లోకి దిగడానికి ఒరలోంచి ముందుకు పొడుచుకొచ్చిన పొడుగు రాళ్లు వరసగా ఉండేవి. ఒక్కో రాయి సగం గోడలో, సగం గాలిలో, గోడ వెంబడి చుట్టుకుంటూ నీళ్లదాకా దిగేవి. ఆ వరస ఎటు తిప్పాలో నాయినకు ఒకే లెక్క: దిగేటప్పుడు గోడ కుడిచేతికి దొరకాలి. "ఎక్కెటోడు పడడు, దిగెటోడే పడ్తడు" అనేవాడు. దిగేటప్పుడు చేద ఖాళీ, కుడి అరచెయ్యి గోడకు ఆనించుకుంటూ దిగుతావు. ఎక్కేటప్పుడు నిండు చేద కుడిచేతిలో బావి వైపు వేలాడుతుంది, రాళ్లకు కొట్టుకోదు. ఇప్పుడు ఆ వరసను పైనుంచి చూస్తే ఎక్కేవాడు తిరిగేది కుడికే! కోటల మెట్లు తిరిగిన దిక్కే. దీపం కూడా లేని ఆ మెట్ల మీద రోజుకు ఇరవైసార్లు దిగే పనివాళ్లకు కుడిచేతికి గోడ దొరకడం కంటే పెద్ద సౌకర్యం ఏముంటుంది? నేనైతే ఈ లెక్కకే ఓటేస్తాను. మీ రూమ్మేట్ దీన్ని కూడా ఉత్తదే అంటే, మిగతా హాఫ్ ప్లేట్ వాడితోనే ఇప్పించు.

ప్రశ్న: కోటల్లో కొన్ని మెట్లు కావాలనే ఎత్తు ఎక్కువగా, తక్కువగా కట్టేవారట కదా? లెక్క తెలియని శత్రువు తట్టుకుని పడాలని? (భూపాలపల్లి)

జవాబు: మా ఇంటి మెట్లకూ ఆ రక్షణ ఉందండీ. కింది మెట్టు అయిదంగుళాలే, మిగతావన్నీ ఏడున్నర. వెల్డింగ్ అతను మెట్లు బిగించి వెళ్లిపోయాక వెనక వరండాలో కాంక్రీటు, టైల్స్ వేయించాం. నేల రెండున్నర అంగుళాలు పైకి లేచింది, మొదటి మెట్టు ఆ మేరకు పొట్టిదైంది. పదకొండేళ్లుగా ఇంటికొచ్చిన ప్రతి చుట్టమూ దిగేటప్పుడు అక్కడ ఒక్క క్షణం తూలి "అమ్మో" అంటాడు. దొంగల కోసమని మా మనవడు అందరికీ చెబుతుంటాడు.

కోటల్లో అయినా ఇలాంటి కారణాలే ఎక్కువ. అరిగిన రాళ్లు, తర్వాతి కాలంలో మార్చిన మెట్లు, కొత్తగా పరిచిన నేల. పైగా ఆ మెట్ల మీద ఎక్కువసార్లు తిరిగేది కోటలోవాళ్లే. చీకట్లో అన్నం పళ్లెం పట్టుకుని ఎక్కే పనివాడికి ఎన్నో మెట్టు పొట్టిదో రోజూ గుర్తుండొద్దూ? గుర్తులేని రోజు పళ్లెం పోయినట్టే.

ప్రశ్న: మా పాపది పుర్రచేతి వాటం. స్కాట్లండ్‌లో ఎడమచేతివాళ్ల వంశం ఒకటి ఉందని, వాళ్లు తమ కోటల్లో మెట్లు ఎడమకు తిప్పి కట్టుకున్నారని విన్నాం. పాప సంబరపడిపోతోంది. నిజమేనా అన్నయ్యా? (కరీంనగర్ నుంచి ఒక తల్లి)

జవాబు: సంబరం చెడగొట్టాలని లేదు చెల్లెమ్మా, అందుకే ఉన్నదున్నట్టు చెబుతాను. వంశం పేరు కెర్. ఇంగ్లండ్ సరిహద్దులో ఫర్నీహర్స్ట్ అనే కోట వాళ్లది. ఆ ప్రాంతంలో ఎడమచేతివాళ్లను ఇప్పటికీ కెర్ పేరుతో కలిపి పిలిచే మాట ఒకటుంది. కత్తి ఎడమచేత్తో తిప్పడం కోసం మెట్లు ఎడమకు తిప్పారన్నది అక్కడివాళ్లు చెప్పుకునే కథ. 1974లో కొందరు డాక్టర్లు ఈ ఇంటిపేరున్నవాళ్లను అడిగి చూస్తే వాళ్లలో ఎడమచేతివాళ్లు ఎక్కువే అని తేలింది. 1993లో ఇంకొకరు మళ్లీ లెక్క తీస్తే అందరిలాగే ఉన్నారు. ఉత్తరం రాసి "మీది ఎడమచేతి వాటమా?" అని అడిగితే అవునన్నవాళ్లే ఉత్సాహంగా జవాబిస్తారు కదా, మొదటి లెక్క అలాగే పెరిగి ఉంటుందని నాకనిపిస్తుంది.

మీ పాపకు ఇంకో మాట చెప్పండి. నాగలికి రెండెద్దులు కట్టాలి, కుడివైపు వలపలిది ఒకటి, ఎడమవైపు దాపలిది ఒకటి. దాపటెద్దు లేకపోతే నాగటి చాలు రాదు.

ప్రశ్న: మన ఖిలా వరంగల్‌లో అలాంటి చుట్టు మెట్లు కనబడవేం? కాకతీయులకు తెలియకనా? (గిర్మాజీపేట నుంచి ఒక వ్యాపారి)

జవాబు: తెలియక అనొద్దు సేటూ, వేయి స్తంభాల గుడి కట్టినవాళ్లు! అక్కరలేకపోయింది, అంతే.

ఇంగ్లండ్ కోట అంటే ఒక దొర ఇల్లు. కింద సామాన్ల గది, పైన హాలు, దాని పైన పడకగది, అంతస్తు మీద అంతస్తు. గోడ మందంలోనే మెట్లు చుట్టేస్తే గదుల్లో జాగా పోదు. ఓరుగల్లు అలా కాదు, అదొక పట్నం. గణపతిదేవుడి కాలంలో మొదలై రుద్రమదేవి కాలంలో పూర్తయిన రాతికోట, దాని చుట్టూ అగడ్త, ఇంకా బయట పెద్ద మట్టికోట, దానికీ అగడ్త. రాతికోటకు 45 బురుజులు, నాలుగు దిక్కులా నాలుగు దర్వాజాలు. ఇంత పొడుగు గోడ మీద శత్రువు ఎక్కడ నిచ్చెన వేస్తాడో ముందుగా తెలియదు. వేసిన చోటికి లోపలివాళ్లు క్షణాల్లో ఎక్కాలి. అందుకే రాతిగోడకు లోపలి వైపు మట్టికట్ట పోసి, గోడ వెంబడే రాతిమెట్లు పరిచారు. ఒక్కో మెట్టు ఎంత పొడుగంటే, ఊరు ఊరంతా వరసగా నిలబడి ఒకేసారి గోడ మీదికి ఎక్కొచ్చు.

ఈసారి శిల్పతోరణాలు చూశాక ఆటో ఎక్కకండి. నడుచుకుంటూ గోడ దగ్గరికి వెళ్లండి. బయటి వైపు నుంచి చూస్తే సున్నం లేకుండా పేర్చిన పెద్ద పెద్ద రాళ్లు, రాయికి రాయికి మధ్య సందులో కత్తి మొన కూడా దూరనట్టు. అదే గోడను లోపలి నుంచి చూడండి, చెరువుగట్టుకు బతుకమ్మ రోజు జనం దిగే మెట్లలా నెమ్మదిగా పైకి పోతుంది. బయటివాడికి గోడ, లోపలివాడికి మెట్లు. నేను పిల్లల్ని టూర్‌కు తీసుకెళ్లిన ప్రతిసారీ మొదట బయట నిలబెట్టి, తర్వాత లోపల నిలబెట్టేవాణ్ణి. సెక్షన్ డ్రాయింగ్, అంటే కట్టడాన్ని నిలువునా కోసినట్టు గీసే బొమ్మ, ఏమిటో బోర్డు మీద చెప్పక్కర్లేకపోయేది.

మన కోటల్లో మలుపు ఉన్నది దర్వాజాల దగ్గర. ఖిలా దర్వాజాలో దూరగానే ఎదురుగా ఊరు కనబడదు. ఒక ఆవరణ, అందులో పక్కకు తిరిగితే ఇంకో ద్వారం. దూలం మోసుకొచ్చేవాళ్లకు, ఏనుగుకు పరుగు అందదు. ఆవరణలో ఆగి తిరుగుతుంటే చుట్టూ గోడల మీదినుంచి బాణాలు. గోల్కొండ ఫతే దర్వాజా ముందు అడ్డంగా గోడ కట్టి, తలుపులకు ఇనుప మేకులు కొట్టింది కూడా ఏనుగుల కోసమే. ఫిరంగులు వచ్చాక లెక్క మళ్లీ మారింది. జగిత్యాల కోట నక్షత్రం ఆకారంలో ఉండడానికి కారణం అదే. ఏ మూల మీదికి శత్రువు వచ్చినా పక్క మూల నుంచి కొట్టొచ్చు.

మట్టికోటను చాలామంది చిన్నచూపు చూస్తారు, ఆటోలో దాన్ని దాటి పోతూ "ఏదో కట్ట" అనుకుంటారు. 1310లో ఢిల్లీ సేనాని మాలిక్ కాఫూర్ సైన్యం దాని ముందు ఆగింది. అల్లావుద్దీన్ ఖిల్జీ ఆస్థాన కవి అమీర్ ఖుస్రో ఈ గోడ గురించి రాశాడు. ఉక్కు ఈటెతో కొట్టినా దిగబడలేదట, యంత్రంతో రాతిగుండు విసిరితే పిల్లలు ఆడుకునే కాయలా ఎగిరి వెనక్కి పడిందట. గెలిచిన పక్షం కవి ఓడినవాళ్ల మట్టిగోడను పొగిడాడంటే, గోడ గట్టిదే అయ్యుండాలి. ఆ ఏడాది ప్రతాపరుద్రుడు కప్పం కట్టి సంధి చేసుకున్నాడు. తర్వాత ఢిల్లీ తుగ్లక్ సుల్తాను కొడుకు ఉలుఘ్ ఖాన్ మొదటిసారి వచ్చి, ఢిల్లీలో సుల్తాను చనిపోయాడన్న పుకారుతో సైన్యంలో గడబిడ మొదలై వెనక్కి పోయాడు. ఇక పీడ వదిలిందనుకుని ప్రతాపరుద్రుడు ధాన్యాగారాలు తెరిచి ఊరికి విందు చేయించాడని చరిత్రకారులు రాస్తారు. 1323లో ఉలుఘ్ ఖాన్ మళ్లీ వచ్చాడు. నెలల తరబడి ముట్టడి. గోడలు అక్కడే ఉన్నాయి, అగడ్త అక్కడే ఉంది, గింజలే లేవు. రోచెస్టర్‌లో జాన్ రాజుకు కలిసొచ్చిందే ఇక్కడ ఉలుఘ్ ఖాన్‌కూ కలిసొచ్చింది.

గోల్కొండ మాటంటారా, ఎనిమిది నెలలు ఔరంగజేబు ఫిరంగులకు లొంగని కోట 1687లో ఒక రాత్రి లోపలివాడు తలుపు తీస్తే లొంగింది. ఆ తలుపు తీసిన అబ్దుల్లా ఖాన్ పానీ మెట్లు ఎటు తిరిగాయో చూసుకోలేదు.

ప్రశ్న: డాబా మీదికి ఇనుప చుట్టు మెట్లు పెట్టించాలనుకుంటున్నాం. వాస్తు ప్రకారం కుడికే తిరగాలని మా పెదనాన్న, జాగా ప్రకారం ఎడమకు తిరిగితేనే కుదురుతుందని వెల్డింగ్ అతను. నాలుగడుగుల వ్యాసం సరిపోతుందా? (మంచిర్యాల నుంచి ఒక సింగరేణి ఉద్యోగి)

జవాబు: మీ పెదనాన్నగారి మాట, ఆ వీడియో మాట, మా నాయిన మాట మూడూ ఒకే దిక్కు చూపిస్తున్నాయి కాబట్టి కుదిరితే కుడికే తిప్పించండి. ఇంట్లో గొడవ తప్పుతుంది. కానీ పై మెట్టు దిగగానే గోడో కిటికీయో ఎదురయ్యేలా ఉంటే వెల్డింగ్ అతని మాటే వినండి. కోటలు కట్టినవాళ్లే జాగాను బట్టి ఎడమకు తిప్పుకున్నారని పెదనాన్నగారికి చెప్పి చూడండి.

నాలుగడుగులు వద్దు. నడిమి పైపు పోను ఒక్కో వైపు రెండడుగులు కూడా మిగలదు. బట్టల బకెట్ పట్టుకుని దిగలేరు. అయిదు అడుగులు పెట్టించండి. చుట్టుకు పన్నెండు మెట్లు, ఒక్కో మెట్టు ఏడున్నర అంగుళాలు అయితే ఒక చుట్టు తిరిగేసరికి తొంభై అంగుళాలు, అంటే ఏడున్నర అడుగులు పైకి వస్తారు. పై మెట్టు ప్లేటు మందం, యాంగిల్ పోయినా తల తగలదు. పదహారు మెట్లు పెడదాం, నడక సులువుగా ఉంటుంది అని అతను అంటే ఒప్పుకోకండి. అప్పుడు కాలు పెట్టే చోటు మరీ సన్నబడుతుంది. పన్నెండు మెట్లలోనైనా పైపు దగ్గర కాలు పట్టదు, నడవాల్సింది బయటి అంచు వైపే. రెయిలింగు బయటి వైపు గట్టిగా ఉండాలి. ఏ దిక్కుకు తిప్పినా సరే, దిగేటప్పుడు పట్టుకునే చేతికి అది మొదటి మెట్టు నుంచే అందాలి. చాలామంది దాన్ని రెండో మెట్టు దగ్గర మొదలుపెట్టి వదిలేస్తారు.

కింద టైల్స్ వేయించేది ఉంటే అది ముందు వేయించి, తర్వాతే కొలతలు తీసుకోమనండి. అడ్వాన్సు అప్పటిదాకా ఇవ్వకండి. ఇంకోటి, కూలర్, బీరువా, నీళ్ల ట్యాంకు ఈ మెట్ల మీద ఎక్కవు. తాడు కట్టి బయటి నుంచి లాగడానికి పిట్టగోడలో ఒక ఇనుప కొక్కెం ఇప్పుడే బిగించేయించండి.